నాలుగో గడిలో శొంఠి కాఫీ అప్ప

ఆ రోజుల్లో నాకు తెలిసిన పరీక్షలన్నీ దేవుడు పెట్టేవే. (వాటికి హాల్ టికెట్ ఉండదు.) బడి వాగు అవతల ఉండటంతో నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి బైబిలుతో చదువు చెప్పారు. సొంత గొప్పలు చెప్పుకోకూడదని, పక్కవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదని కూడా నేర్పారు. మార్కెటింగుకి ఇవెంత అడ్డమో పాపం ఆయనకేం తెలుసు.

మా చర్చి ఆడవాళ్లం పదిమందిమి ఒక మహిళా సంఘంగా కలిసి అల్లం మురబ్బా చేసి, అరకు వచ్చే టూరిస్టులకు రోడ్డు పక్కన గొడుగు కింద అమ్మేవాళ్లం. మంచుకి, వానకి సరుకు చెమ్మెక్కి సగం తిరిగి ఇంటికే వచ్చేది. ఇక సంఘం మూసేద్దామా అనుకుంటుండగా, కొత్తగా కట్టిన షాపుల్లో ఒక గది ఇస్తామన్నారు పర్యాటక శాఖవాళ్లు, శిక్షణకు వచ్చి తమ వ్యాపార పరిస్థితిని అందరికన్నా బాగా రాసి చూపించిన సంఘానికి. రాయడం వచ్చినదాన్నని నన్ను పంపారు. మా పిన్ని ఆటో ఎక్కిస్తూ, "గుంటా, మా పదిమందీ నీ పెన్నుమీదే ఉన్నాం, జాగర్త" అంది. దారంతా ఆ పెన్ను గట్టిగా పట్టుకునే కూర్చున్నాను.

శిక్షణ ఇచ్చే మేడమ్ నాలుగు గళ్లు గీయించి, బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని పేర్లు పెట్టించి, "నిజాయితీగా రాయండి" అన్నారు. నిజాయితీ అన్నాక నేను ఆగుతానా. బలాలు: దేవుని కృప. బలహీనతలు: నా కోపం, ప్రార్థనలో కునుకు, పిన్ని మీద విసుగు. అవకాశాలు: పరలోకం. ముప్పులు: సాతాను. మేడమ్ చదివి చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "మంచి సాక్ష్యం అమ్మా. ఇందులో మురబ్బా ఎక్కడుంది?" అన్నారు మెల్లగా. "రేపు మీ గొడుగు దగ్గర కూర్చుని చూడండి. ఎవరు కొంటున్నారు, ఎవరు కొనట్లేదు, మీకు పోటీ ఎవరు. చూసి మళ్లీ రాయండి."

పోటీని వెతకక్కర్లేదు. మా గొడుగుకి ఎదురుగానే శొంఠి కాఫీ అమ్మే అప్ప (మా వైపు అక్కని అలాగే పిలుస్తాం) ఉంది. ఆవిడ చుట్టూ జనం, నా చుట్టూ తేనెటీగలు. నాలుగో గడిలో ఆవిడను రాశాను గాని (నిన్నటిదాకా అక్కడ సాతాను ఉన్నాడు) మనసొప్పక, లేచి తిన్నగా ఆవిడ దగ్గరకే వెళ్లాను. "అప్పా, మా మురబ్బాలో లోపాలేటో చెప్పవా?" (పోటీవాళ్లను గమనించమన్నారు, అడగొద్దని ఎవరూ అనలేదు.)

అప్ప ఎన్నాళ్లుగానో ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు గ్లాసు కింద పెట్టింది. "కూకో. ముక్క మరీ పెద్దది, బుగ్గన పట్టదు. కాయితం ఊడి రాదు. అదలాగుంచు, పొద్దున్నపూట నువ్వేటి సేత్తన్నావు? ఘాటీ రోడ్డు మలుపులన్నీ ఎక్కొచ్చి, కడుపులోదంతా కక్కేసి దిగినోళ్లకి అల్లం అమ్ముతన్నావు. ఆళ్లకి అప్పుడు కావలసింది నా కాఫీ. నీ ముక్క సాయంత్రం ఘాటీ దిగీముందు కావాల. ఆ ఏలకి నువ్వు గొడుగు ముడిసేసి బేగి పార్తనకి పోతావు."

ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాను. మేడమ్ ఈసారి కళ్లద్దాలు తియ్యకుండా చదివారు. గది మాకే వచ్చింది. ఫోన్లో చెబితే పిన్ని ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. (సాయంత్రం ప్రార్థనను పొద్దుటికి మార్చుకున్నాం. దేవుడు అభ్యంతరం చెప్పలేదు.)

ఇంత మేలు చేసిన మనిషిని ముప్పుల్లో రాశానన్నది మాత్రం గుచ్చుతూనే ఉంది. మర్నాడే కాగితం పట్టుకెళ్లి, తలొంచుకుని ఒప్పేసుకున్నాను. చదువు రాని అప్ప తన పేరెక్కడుందో వేలు పెట్టించుకుని చూసింది.

"ఈ గడిలో ఇంకేటున్నాయి?"

"కొండచరియలు విరిగి దారి మూసుకుపోవడం, వానాకాలం చెమ్మ, తర్వాత నువ్వు."

అప్ప వేలు తన పేరు మీదే ఉంచింది. "మరి నన్ను మొదట రాయలేదేటి?" అంది. పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడను కేకేసి, "ఇంకోపాలి సదువు, ఇది కూడా ఇంటాది" అని నాకు కాఫీ పోసింది.

క్షమాపణ కోసం కూడబెట్టుకున్న మాటలన్నీ ఆ కాఫీతోపాటు మింగేశాను. ఎదుటి మనిషికి ఏది నొప్పో, ఏది గౌరవమో తనకే తెలుసనుకున్న ఆనాటి నాలోని అమ్మాయిని తలుచుకుంటే, ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆమె మీద కాస్త జాలి కూడా వేస్తుంది.