వాడేది నేను, జవాబు మా ఆయనకా?

నా చర్మానికి ఏదీ ఒక పట్టాన పడదు. పోయిన నెల ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న వైబ్రేటర్‌తో దద్దుర్లు లేసి మంటతో అల్లాడినాను. మదనపల్లె డాక్టరమ్మ నవ్వకుండా, తిట్టకుండా చెప్పింది: "రబ్బరు వాసనొచ్చేది వద్దు. మెడికల్ సిలికాన్‌దే తీసుకో. సెంటు కలిపిన జెల్ కూడా వాడొద్దు."

ఈ పొద్దు పుంగనూరులో ఒక మెడికల్ షాపులో వైబ్రేటర్ డబ్బా ఒకటి కనబడింది. మా ఆయన పక్కనే ఉండాడు.

"ఇది సిలికానా, రబ్బరా అప్పా?" అని అడిగినాను.

షాపాయన నా మొగం సూడకుండా, "అవన్నీ నీకు యాలమ్మా, మీ ఆయనకు చెప్తాలే" అని ఆయన చెవి దగ్గరికి వంగినాడు.

మా ఆయన ఎనక్కి జరిగి, "వాడేది ఆమె. మంట పుట్టేది ఆమెకి. ఆమెకే చెప్పప్పా" అన్నాడు.

షాపాయన డబ్బాను నల్ల కవర్లో చుట్టి ముందుకు తోసినాడు. విప్పి సూస్తే, దేంతో చేసినారో దాని మీద ఒక్క ముక్క లేదు. ఆడనే పెట్టేసి వచ్చేసినాను. ఇంటికొచ్చినా కోపం దిగలేదు.

చంటిబిడ్డ సోపయితే ఇదే మనిషి అన్నీ వివరంగా చెప్తాడు. ఒంట్లో అన్నిటికన్నా మెత్తని చోట వాడేదాన్ని మాత్రం నోరు మూసుకుని కొనాల్నంట. మీలో ఎవురన్నా అడిగి, జవాబు విని కొన్నారా? యాడ కొన్నారో కింద రాయండి.