గొర్రెలకు గురగుర

పెద్దముడియం మండల చరిత్ర రాయడానికి ఎవరైనా పూనుకుంటే, రాజులనూ కోటలనూ క్లుప్తంగా ముగించి, బాలయ్య రేడియో చెవి మెలిపెట్టే ఘట్టానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. రోజూ మిట్టమధ్యాహ్నం, గొర్రెలు బీడంతా చెల్లాచెదరుగా మేస్తున్న వేళ, బాలయ్య బోరు పక్కన నిలబడి, మెడలో వేలాడే రేడియో వీపు మీద రెండు దెబ్బలు చరిచేవాడు. ముల్లును కడప స్టేషను మీద నుంచి వెంట్రుకవాసి పక్కకు జరిపేవాడు. పాట ఆగి గురగుర మొదలయ్యేది. గొర్రెలు తలలెత్తి, ఒక్కటొక్కటే అతని వైపు కదిలేవి.

ఈ విద్య వాళ్ల నాయన కనిపెట్టింది. ఆయన తోలు సంచీతో సహా ఆ రేడియోను ప్రొద్దుటూరులో కొనుక్కొచ్చేనాటికి బాలయ్యది నిక్కరు తొడుక్కునే వయసు. బ్యాటరీ సెల్లులు నీరసిస్తే అరుగు మీద ఎండబెట్టి, కాకులు రాకుండా కాపలా కాయడం అతని తొలి ఉద్యోగం. కాకులు సెల్లులెత్తుకుపోయిన దాఖలాలు ఎక్కడా లేవు. అయినా ఉద్యోగం ఉద్యోగమే. పాటలు మనుషులకు, గురగుర గొర్రెలకు అన్నది నాయన సిద్ధాంతం. ఆయన పోయాక సిద్ధాంతానికీ రేడియోకూ మందకూ బాలయ్యే వారసుడు. పొట్టేళ్ల బేరానికి పులివెందుల నుంచి వచ్చినవాళ్లు కూడా ఆ గురగుర మహిమ చూసి ముక్కున వేలేసుకుని పోయారు.

పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే రేడియో మూగబోయింది. రెండు దెబ్బలు చాలక నాలుగు కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. బాలయ్య దొడ్డి తలుపు తీయలేదు. గురగుర లేకుండా వదిలితే, పొద్దుగూకేసరికి సగం మంద చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర తేలుతుందని అతని భయం. అతనికి ఆస్తి అన్నా, నలుగురిలో పరువు అన్నా ఆ మందే.

"ఆకలికి అరుస్తాండాయి గదా, నేను తోలుకపోతా," అంది భార్య ఆదిలక్ష్మమ్మ.

"తోలుకపోతావు సరే. పిలిస్తే నీ మాట ఇంటాయా? నేనొచ్చేదాకా తలుపు తీయగాకు," అని రేడియోను తువ్వాలులో చుట్టుకుని బయల్దేరాడు.

జమ్మలమడుగులో రేడియో షాపు ఉండాల్సిన చోట ఫోను కవర్లు తోరణాల్లా వేలాడుతున్నాయి. అక్కణ్ణించి ప్రొద్దుటూరు బస్సెక్కాడు. రేడియో అమ్మిన షాపు అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. అమ్మినాయన లేడు. ఆయన కొడుకు ఫరూఖ్ పగిలిన ఫోన్లకు అద్దాలు మారుస్తున్నాడు.

"మామా, ఇది మ్యూజియంలో పెట్టాల్సిన సరుకు. ఇప్పుడు ఫోన్లోనే రేడియో వస్తాంది గదా," అన్నాడు ఫరూఖ్.

"ఫోన్లో గురగుర వస్తాదా?"

"అదెందుకొస్తాది?"

"గొర్లకు."

ఫరూఖ్ స్క్రూడ్రైవరు కింద పెట్టి, కథంతా విన్నాడు. "గురగుర పోగొట్టేదానికే గద మామా, మా నాయన నన్ను తన్ని తన్ని ఈ పని నేర్పిచ్చింది! నువ్వేంది, అదే కావాలంటాండావు?"

"పాట రాకున్నా పర్వాలేదు అల్లుడూ. గురగుర మాత్రం సక్కంగా పలకాల."

మెకానిక్కుల లోకంలో ఇటువంటి కోరిక ఎవరూ కోరి ఉండరు. ఫరూఖ్ మూత విప్పాడు. లోపలి నుంచి దుమ్మూ, పాత తోలూ కలిసిన వాసన గుప్పుమంది. క్రికెట్ రోజుల్లో స్కోరు కోసం ఈ గుమ్మం ముందు జనం రోడ్డు దాకా నిలబడేవాళ్లనీ, తను నాయన కాళ్ల మధ్య దూరి వినేవాడిననీ చెప్పాడు. తర్వాత అటక మీది గోతాం దించి, చచ్చిపోయిన రేడియోల్లో నుంచి ఒక భాగం పీకి ఇందులో అతికించాడు. అద్దాల కోసం వచ్చినవాళ్లు బెంచీ మీద విసుక్కుంటూ కూర్చున్నారు.

రేడియో గొంతు విప్పింది. వేరుశనగకు పట్టే పురుగు గురించి ఎవరో వివరిస్తున్నారు. ఫరూఖ్ అలవాటు కొద్దీ శబ్దాన్ని గాజులా శుభ్రం చేశాడు. బాలయ్య ముఖం వాడిపోయింది. చేసిన పనిని ఫరూఖ్ మళ్లీ చెడగొట్టాల్సి వచ్చింది.

తిరుగు బస్సులో పరీక్షించి చూడబోతే, కండక్టరు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

పొద్దు వాలుతుండగా బాలయ్య ఇల్లు చేరాడు. దొడ్డిలో గొర్రెలన్నీ పడుకుని నెమరేస్తున్నాయి. కడుపులు నిండుగా ఉన్నాయి. గిట్టలకు బీడులోని నల్లమట్టి అంటుకుని ఉంది. బాలయ్య రేడియో వీపు చరిచి, ముల్లు జరిపి, గురగుర పూర్తిగా పెంచాడు. ఒక్క గొర్రె కూడా తలెత్తలేదు.

"తోలుకపోయినావా?"

"అరుస్తాంటే ఏం జేయాల మరి?"

"మద్యానం ఎట్ల మళ్లినాయి? ఎవురు పిలిసిరి?"

ఆదిలక్ష్మమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తల తిప్పకుండానే చెప్పింది.

"ఎవురూ పిలవల్యా. ఆ యాళకు దప్పికయితాది. బోరుకాడికి నీళ్లకు అవే వస్తాయి."