చేపల తొట్టికి ఎక్స్‌రే కోటు

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తెలియనివి చాలా ఉంటాయి గానీ, ‘తెలియదు’ అన్న మాట మాత్రం నోటికి రాదు. ఆ రోజుల్లో నేను, మేముండే హిందీ ఊళ్లోనే సోనారి అనే పేటలో, ఒక పళ్ల డాక్టరు గారి దగ్గర రిసెప్షన్‌లో చేరాను. నా మొదటి ఉద్యోగం. చేరిన రోజే ఆయన వెయిటింగ్ రూములోని చేపల తొట్టి చూపించి, మొక్కలు పెంచడం వచ్చా అని హిందీలో అడిగారు. టెల్కో కాలనీలో మా క్వార్టర్ వెనక అమ్మ వేసిన బచ్చలి పాదును తలచుకుని, వచ్చు అనేశాను. (ఆ పాదుకు నేను చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు.)

ఆయన తెచ్చిచ్చిన మొక్క పేరు అనూబియాస్. మందపాటి ఆకులు, అడుగున అల్లం కొమ్ములాంటి దుంప. అల్లంలా ఉన్నదాన్ని అల్లంలాగే పాతాలి కదా అని తొట్టి అడుగు ఇసుకలోకి లోతుగా నొక్కేశాను. పది రోజులకు ఆకులు పసుపెక్కాయి. వెలుతురు చాలడం లేదని నాకు నేనే తేల్చుకుని, పేషెంట్ల నోట్లోకి చూసే పాత లైటొకటి మూలనుంటే తెచ్చి, పొద్దుట్నుంచి క్లినిక్ మూసేదాకా తొట్టి మీద వెలిగించాను. వారం తిరిగేసరికి నీళ్లు కరివేపాకు నూరి కలిపినట్టయ్యాయి. లోపలి నాలుగు గప్పీ చేపలూ ఎవరికీ కనబడడం మానేశాయి. డాక్టరు గారు బంధువుల పెళ్లికి ఊరెళుతూ, సోమవారానికి తొట్టి ఇలాగే ఉంటే మొక్కల సంగతి తెలిసిన మరో అమ్మాయిని చూసుకుంటానని మెల్లగా చెప్పారు. (ఆయన మెల్లగా చెబితేనే భయం.)

ఆ మధ్యాహ్నం, రైల్వేలో రిటైరైన ఒక తెలుగు తాతగారు కట్టుడు పళ్ల కోసం వచ్చారు. డాక్టరు గారు లేరని చెబుతూ ఏడ్చేశాను. తన పళ్లు ఇంకా రానందుకు నేను ఏడుస్తున్నాననుకుని ఆయనే నన్ను ఓదార్చారు. అసలు సంగతి విన్నాక, తమ ఇంట్లోనూ ఇలాంటి తొట్టి ఉందంటూ చొక్కా చెయ్యి మడిచి, మొక్కను పైకి లాగి వాసన చూశారు.

“ఏటమ్మా, దుంప పాతేసినావు? కుళ్లిపోద్ది. రాయికి కట్టి ఒదిలేయాల. దీనికి మసక ఎలుతురు సాలు. నువ్వెట్టిన లైటు నాచుకి పండగ.”

బోసినోటి మాటలు కాబట్టి ఒక్కొక్కటీ రెండేసిసార్లు చెప్పించుకున్నాను. కుళ్లిన ముక్క కోసేసి, మిగిలిన దుంపను పళ్ల సందులు శుభ్రం చేసే దారంతో రాయికి కట్టాం. సగం నీళ్లు మార్చాం. మూడు రోజులు ఏమాత్రం వెలుతురు తగలకుండా తొట్టిని కప్పమని చెప్పి ఆయన వెళ్లారు. ఎక్స్‌రే తీసేటప్పుడు పేషెంట్లకు కప్పే బరువైన సీసం కోట్లు రెండు కనిపించాయి. ఎక్స్‌రేలనే ఆపేవి మామూలు వెలుతురును ఆపవా అని వాటినే కప్పేశాను.

సోమవారం నాకంటే ముందే డాక్టరు గారు వచ్చి, తొట్టి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

“చేపలకి ఎక్స్‌రే తీశావా?” అన్నారు హిందీలో.

“సార్, నాకు మొక్కలు పెంచడం రాదు,” అన్నాను.

ఆయన కోట్లు తీశారు. నీళ్లు ఇంకా లేత పచ్చగా ఉన్నా నాలుగు చేపలూ లెక్కకు వచ్చాయి. రాయి మీద మూడాకులు నిటారుగా ఉన్నాయి. ఆయన వంగి ఆ కట్టును పరిశీలించి, దారం పుదీనా రుచిదా, మామూలుదా అని అడిగారు. మామూలుదేనన్నాను. అయితే మొదటి పేషెంటును పంపమన్నారు.

రెండు నెలలకు కొత్త ఆకు విచ్చుకుంది. దాన్ని ఎవరు పెంచారని ఒకావిడ అడిగితే డాక్టరు గారు నావైపు చూపించారు. ఎలా పెంచాలో చెప్పమని ఆవిడ నన్నే అడిగింది. నేను గంభీరంగా తలూపి, దుంప పాతకూడదనీ, మసక వెలుతురు చాలనీ ఉపన్యాసం మొదలుపెట్టాను. ఎదురు కుర్చీలో కూర్చున్న తాతగారు అంతా విన్నారు. అందులో ఒక్క మాటైనా తనదని చెప్పలేదు.

ఇప్పుడు ఇరవై ఏళ్ల నాటి ఆ రిసెప్షన్ పిల్లను నిలబెట్టి నాలుగు చీవాట్లు పెట్టాలనిపిస్తుంది. కానీ జీవితంలో మొదటిసారి తనను ఒకరు సలహా అడిగితే, పాపం, ఏం చేస్తుంది? ఆ స్థానంలో నేనున్నా అంతే చేసేదాన్ని.