ముళ్ళు రాలని సీ అర్చిన్

మా మేనత్త బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మామయ్య సున్నపురాయి క్వారీలో లారీ నడిపేవాడు. ఓ సాయంత్రం ఆయన బూట్లు దులుపుతుంటే, అడుగున ఇరుక్కున్న గుండ్రటి రాయొకటి గచ్చు మీద పడింది. అత్త దాన్ని కిటికీ దగ్గర తిప్పితిప్పి చూసింది. వీపు మీద ఐదు రేకుల పువ్వు. రేకుల అంచుల్లో సూదితో పొడిచినట్టు సన్నటి చిల్లుల వరసలు.

"నా మిషను కూడా ఇంత సమంగా కుట్టదండీ," అంది.

మ్యూజియంలో చూపిస్తే అక్కడి మేడమ్ చెప్పింది: అది సీ అర్చిన్ శిలాజం. ఒళ్ళంతా ముళ్ళతో సముద్రం అడుగున పాకే ప్రాణి అట. కోట్ల ఏళ్ళ కిందట ఆ క్వారీ చోట లోతులేని సముద్రం ఉండేదట.

ఇక అత్తని ఆపేవాళ్ళు లేరు. సెలవు దొరికితే చాలు, మేనేజర్ని అడిగి క్వారీలో దిగేది. అల్మారాలో బట్టల మధ్య కూడా రాళ్ళే.

"నేను రాళ్ళు బయటికి మోస్తుంటే నువ్వు ఇంట్లోకి మోస్తావేంటే!" అని మామయ్య మొత్తుకునేవాడు.

సీ అర్చిన్ చచ్చాక ముళ్ళు రాలిపోతాయి. అందుకే అత్తకి దొరికినవన్నీ బోడివే. ఒకరోజు వాన వెలిశాక, విరిగిన రాతిపలకలో పుల్లల్లాంటివి కనిపించాయి. ముళ్ళు! పైట కప్పి, అక్కడే కూర్చుని మామయ్యకి ఫోన్ చేసింది. ఆయన సణుక్కుంటూనే దుప్పటి తెచ్చి, పసిబిడ్డని చుట్టినట్టు చుట్టి మోసుకొచ్చాడు.

ముళ్ళ చుట్టూ అంటుకున్న రాతిని అత్త నెలల తరబడి కుట్టుసూదులతో గీకింది. చెయ్యి జారితే ముల్లు విరుగుతుంది.

"విరిగితే అతికించొచ్చు కదత్తా?" అన్నాను.

"అతుకులు గుడ్డకి వేస్తాం గానీ, దీనికేంటే!"

మామయ్యకి తుమ్మొస్తే వీధిలోకి పరిగెత్తేవాడు.

చివరికి ముళ్ళన్నీ బయటపడ్డాయి, ఒక్కటీ విరగలేదు. మ్యూజియం మేడమ్ భూతద్దం పెట్టి ఒక్కో ముల్లూ చూసింది. తర్వాత లోపలున్న వాళ్ళందరినీ కేకేసి పిలిచింది. "ఇలాంటిది మా దగ్గర లేదండీ," అంటూ అత్త చేతులు పట్టుకుంది.

అద్దాలపెట్టెలో పెట్టిన రోజు, కింద అత్త పేరు చూసి నాకు కళ్ళు చెమర్చాయి. అత్త మాత్రం అప్పుడే పక్కగదిలో ఇంకో రాయి దగ్గర వంగి ఉంది. మామయ్య పెట్టె దగ్గర్నుంచి కదిలితేనా! వచ్చినవాళ్ళందరినీ ఆపి, "ముళ్ళు సరిగ్గా చూశారా? మా ఆవిడే తీసింది," అంటున్నాడు.