శని, ఆదివారాల రేటు

మా ఇంట్లో శని, ఆదివారాల్లో పెద్ద వస్తువేదీ కొనకూడదు. అది నోమూ కాదు, మొక్కూ కాదు. మేము వాడే జర్మనీ కార్డు మీద ఆ రెండు రోజులూ రేటు మారిపోతుంది. డబ్బు మార్చే బజారు ప్రపంచమంతటా శుక్రవారంతో మూసేస్తారట. సోమవారం మళ్ళీ తెరిచేదాకా తమకి నష్టం రాకుండా ఆ బ్యాంకు వాళ్ళు రేటు మీద కాస్త వేసుకుంటారట. ఈ 'అట'లన్నీ మా ఆయన చెప్పినవే. సింగపూర్‌లో మేముండే టాంపినీస్‌లో జనమంతా ఆదివారం పొద్దున్న తీరిగ్గా సంచులు ఊపుకుంటూ బయల్దేరతారు. నేను మాత్రం శుక్రవారం ఆఫీసు నుంచి అటే, కాళ్ళు పీకేస్తున్నా, సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి బియ్యం సంచి ఈడ్చుకుంటూ ఫీడర్ బస్సు ఎక్కేదాన్ని.

పక్క బ్లాకులో ఒక నెల్లూరు ఆంటీ ఉంటారు. ఈ దేశం వచ్చి చాలా ఏళ్ళయింది. ఆవిడకి ఇది పెద్ద వేడుక.

"ఏందమ్మా, ఆదివారం మార్కెట్టుకి రమ్మంటే రానంటావు? జనం రాహుకాలం చూస్తారు గానీ, రెండు రోజుల పొడుగు రాహుకాలం నీ దగ్గరే చూశా!"

"మా వారికి పడదాంటీ."

"ఆయన ఉండేది జర్మనీలో గదా? నువ్విక్కడ వంకాయలు కొంటే ఆయనకెట్టా తెలుస్తది?"

తెలుస్తుంది. అదే కదా ఆ కార్డు గొప్పతనం. ఇక్కడ నేను కార్డు తాకించగానే అక్కడ ఆయన ఫోన్ టింగుమంటుంది.

అసలు సంగతి చెప్పాలి. మేం ముగ్గురం జర్మనీలో ఉండేవాళ్ళం. నాకు సింగపూర్‌లో ఒక షిప్పింగ్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పిల్లని తీసుకుని నేను ముందొచ్చాను. ఆయన ఒక్క ఏడాదిలో వస్తానన్నారు. అక్కడ శాశ్వత నివాసం కాగితం చేతికొస్తే వచ్చేస్తానన్నారు. కాగితం వచ్చింది. ప్రాజెక్టు అయిపోగానే అన్నారు. అదీ అయిపోయింది, దాని వెనకాల ఇంకోటి వచ్చింది. ఈలోగా పిల్ల నా భుజం దాటి ఎదిగింది.

మొదట్లో ఆయన డబ్బు పంపేవారు. పంపేటప్పుడు అక్కడి బ్యాంకు కొంత తీసుకునేది, దిగేటప్పుడు ఇక్కడి బ్యాంకు కొంత తీసుకునేది, ఈ రెంటికీ మధ్య పేరైనా తెలియని ఇంకో బ్యాంకు కొంత కొరికేది. ఊళ్ళో అమ్మ ఎవరి చేతో పంపిన అరిసెల డబ్బాలాగా, చేరేసరికి తేలికైపోయేది. ఇది ఆయనకి ప్రాణసంకటమైంది. "మధ్యలో వాళ్ళెవరే తినడానికి?" అని ఫోన్‌లో కూర్చుని నాతో పోట్లాడేవారు, తిన్నది నేనే అయినట్టు. వెతికి వెతికి, బ్రాంచీలనే కొమ్మలూ రెమ్మలూ లేని, ఫోన్‌లో మాత్రమే ఉండే ఒక బ్యాంకు పట్టారు. ఒకే ఖాతా మీద రెండు కార్డులు. ఒకటి ఆయన జేబులో, ఒకటి నా పర్సులో. ఇక పంపడం అనేదే లేదు, కాబట్టి ఫీజూ లేదు. నా జీతం ఇంటద్దెకీ స్కూలుకీ, తక్కిన ఖర్చంతా ఆ కార్డు మీద.

కార్డుతో పాటు ఆజ్ఞలూ వచ్చాయి. ఏటీఎంలో నెలకి ఇంత దాకానే ఫీజు లేకుండా ఇస్తారు, అది దాటకూడదు. తిండికొట్లుండే హాకర్ సెంటర్‌లో నూడిల్స్ అంకుల్ నగదు తప్ప తీసుకోడు గనక, నెలాఖర్లో చేప నూడిల్స్ తినాలంటే ఆలోచించుకోవాలి. శని, ఆదివారాల సంగతి చెప్పాను. అన్నిటికన్నా పెద్ద ఆజ్ఞ, దుకాణంలో మెషీను "యూరోల్లో కడతారా, సింగపూర్ డాలర్లలో కడతారా" అని అడిగితే కళ్ళు మూసుకుని డాలర్ నొక్కాలి. యూరో నొక్కితే లెక్క కట్టేది మన బ్యాంకు కాదు, ఆ మెషీను వాడు. వాడి ఇష్టమొచ్చిన రేటు వేస్తాడు. "మనకి అర్థమయ్యే డబ్బులో చూపించి మరీ దోచుకుంటాడే" అని ఆయన కనీసం నెలకోసారి గుర్తు చేసేవారు.

ఆయన పిసినారి అనుకునేరు. కాదు. మేం అడిగినదేదీ కాదనలేదు. మధ్యవాడికి ఇవ్వడమే ఆయనకి సహించదు. ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆ టింగుమనే చప్పుడు మొదట్లో నాకూ బాగుండేది. పొద్దున్న రైలు దగ్గర కాఫీ కొంటే, నిద్ర లేవగానే అది చూసుకుని "ఇవాళ ఆలస్యంగా బయల్దేరినట్టున్నావే" అని మెసేజ్ పెట్టేవారు. చేపల కొట్టు పేరు చూసి "పులుసా, వేపుడా?" అని అడిగేవారు. ఎక్కడో ఒకళ్ళు నేను తిన్నదీ తిరిగిందీ చూస్తున్నారన్న మాట నాకు ధైర్యంగా ఉండేది. మా అమ్మాయి మాత్రం "డాడీ ఈజ్ స్టాకింగ్ అస్, లా" అని ఇక్కడి పిల్లల యాసలో అంటూ నవ్వేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది. ఆయన ఫోన్ చేస్తే స్కూలు సంగతి కాకుండా ఏం కొన్నామో చెప్పేది. ఆయనకి అవే మాటలు అందుతాయని దానికి ఎప్పుడు తెలిసిందో నాకు తెలీదు.

ఆ శనివారం దానికి స్కూల్లో నెట్‌బాల్ ప్రాక్టీసు. మధ్యాహ్నం టీచర్ ఫోన్ చేసింది. పడిపోయిందట, మణికట్టు వాచిందట, ఆసుపత్రికి తీసుకొస్తున్నాం, మీరు నేరుగా అక్కడికే రండి అంది. నేను ఎలా వెళ్ళానో నాకు గుర్తులేదు. ఎమర్జెన్సీ వార్డులో చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది, చెయ్యి గుడ్డలో వేలాడుతోంది. నన్ను చూడగానే "అమ్మా, పెయిన్ అమ్మా, చాలా పెయిన్" అని నా చున్నీ పట్టుకుని ఏడ్చింది. ఎముక విరిగిందనీ, సరిచేసి పిండికట్టు వెయ్యాలనీ డాక్టరు చెప్పాడు. కౌంటర్లో ముందు డిపాజిట్ కట్టమన్నారు.

నా పర్సులో రెండు కార్డులున్నాయి. పెద్ద మొత్తం అనగానే చెయ్యి అలవాటుగా జర్మనీ దాన్నే తీసింది. మెషీను ఏదో అడిగింది. పిల్ల వెనక నుంచి మూలుగుతోంది. ఏదో ఒకటి నొక్కాను. రసీదు ఇంకా బయటికి రానేలేదు, ఫోన్ మోగింది. ఒక చేత్తో ఫైలు, ఒక చేత్తో పిల్ల బ్యాగు. స్పీకర్ నొక్కి కౌంటర్ మీద పెట్టాను.

"యూరో ఎందుకు నొక్కావే? ఎన్నిసార్లు చెప్పాలి నీకు? చూడు, ఎంత లాగేశాడో!"

అక్కడ పొద్దున్న. అప్పుడే లేచి ఉంటారు. ఆ యాప్‌లో అంకె పెద్దక్షరాల్లో వస్తుంది, ఎక్కడ కట్టామో కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. ఆయన పైది చూశారు, కిందది ఇంకా చదవలేదు. అంతే జరిగింది. ఇప్పుడు ఈ మాట ఇంత నిమ్మళంగా రాయగలుగుతున్నాను గానీ, అప్పుడు గోరుచుట్టు మీద రోకటి పోటులా తగిలింది. అంతలో ఆయన కిందదీ చదివినట్టున్నారు, గొంతు మారిపోయి, "ఇది... ఆసుపత్రి కదే? ఎవరికి? ఏమైంది?" అన్నారు.

నేను చెప్పేలోపు పిల్ల అందుకుంది.

"నేనే డాడీ. నెట్‌బాల్‌లో పడ్డా. చిన్న ఫ్రాక్చర్. ఐయామ్ ఓకే లా. స్కూల్ ఇన్సూరెన్స్ ఉంది, మనీ బ్యాక్ వస్తుంది. డోంట్ వర్రీ."

ఆ మాటలంటున్నంతసేపూ దాని చెంపల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. గొంతులో మాత్రం ఏమీ లేదు.

"అమ్మయ్య! గట్టిదానివి నాన్నా" అన్నారు ఆయన. ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "అమ్మకి చెప్పు, ఆ రసీదు పారెయ్యొద్దని. క్యాన్సిల్ చేసి డాలర్లలో మళ్ళీ తీసుకోమంటే తీసుకుంటారు."

నాకు కోపం వచ్చిందంటే సరిపోదు. ఒళ్ళు మండిపోయింది. అయినా అరవలేదు, అరిచే ఓపిక లేదు. స్పీకర్ ఆపేసి ఫోన్ చెవికి పెట్టుకుని గోడవైపు తిరిగాను.

"ఏవండీ, దానికి చాలా నొప్పిగా ఉంది. ఇందాక నన్ను పట్టుకుని ఏడ్చింది. మీకు చెప్పట్లేదు. ఏం చెబితే మీ ప్రాణం కుదుటపడుతుందో నేర్చుకుని అది చెబుతోంది. మీరింకేం పంపొద్దు. మీరు రండి."

అవతల ఆయన మంచం మీంచి లేచిన చప్పుడైంది.

"వస్తా" అన్నారు.

"ఎప్పుడు?"

"లీవ్ అడిగి చెప్తా."

ఆ మాట పిల్లతో చెప్పాను. కట్టు వేస్తుంటే పళ్ళు బిగించి, "ఫర్ రియల్ ఆ?" అని అడిగింది. అవును, ఫర్ రియల్ అన్నాను. ఆ చిన్న ముఖంలో వెలుగు చూసి, నేనెందుకు ముందే ఈ మాట అడగలేదా అని నాకు ఏడుపొచ్చింది.

కట్టు మీద స్నేహితులు రంగురంగుల పెన్నులతో పేర్లు రాశారు. పిల్ల బొటనవేలి దగ్గర కొంచెం చోటు వదిలి, అక్కడ ఎవర్నీ రాయనిచ్చేది కాదు. డాడీకట. నెల్లూరు ఆంటీ చేపల పులుసు తెచ్చి, "మీ నాయన వస్తే ఈసారి తలుపేసి తాళం పెట్టెయ్, యాడికీ పోనీకుండా" అని నవ్వించారు. ఆయనకి మొదట లీవ్ దొరకలేదు. దొరికాక టికెట్టు మండిపోతోంది. ఇక్కడి కార్డుతో నేను కొంటానన్నాను. వద్దు, మధ్యలో వెబ్‌సైటు వాడు కమిషన్ వేస్తాడు, రెండు రోజులాగితే నేరుగా తక్కువకి వస్తుంది అన్నారు. ఆగాం. వాదించడానికి కూడా ఒంట్లో కొంచెం బలం ఉండాలి. పిల్ల రోజూ అడిగేది. కొన్నాళ్ళకి రోజు విడిచి రోజు అడిగింది. కట్టు విప్పడానికి వెళ్ళిన రోజు అసలు అడగలేదు. నర్సు దాన్ని కోసి రెండు చిప్పల్లా తీసి, "కావాలా?" అంటే వద్దంది. బొటనవేలి దగ్గర చోటు అలాగే తెల్లగా ఉంది.

ఆయన ఆ తర్వాత వచ్చారు. ఎయిర్‌పోర్టులో ట్రాలీ వదిలేసి గబగబా నడుస్తూ వచ్చి, నన్ను దాటి, పిల్ల ముందు నిలబడ్డారు. జుట్టు పల్చబడింది. ఫోన్‌లో తెలియలేదు. రెండు చేతులూ ముందుకి చాపి, దాని రెండు చేతులూ పట్టుకుని, మార్చి మార్చి చూశారు. కళ్ళనిండా నీళ్ళు.

"ఏ చెయ్యమ్మా?" అన్నారు.

నేను చెప్పబోయాను. నా వైపు చూడకుండానే అది తల అడ్డంగా ఊపింది.

"లెఫ్ట్, డాడీ. ఇప్పుడు ఓకే."

ఆయన ఆ మణికట్టుని లైటు వైపు తిప్పి, వేళ్ళతో నొక్కుతూ, చాలాసేపు వెతికారు. అక్కడ చూడటానికి ఏమీ లేదు.