రాజవ్వ బీపీ, నా పరిశోధన

శాస్త్రం పేరు చెప్పి నేనొక పచ్చని ఇంట్లో గంటలో నిప్పు పెట్టాను. ఎలాగో చెబుతాను, మరీ తిట్టుకోకండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, సైకాలజీ పీజీ ఆఖరి ఏడు. కోపం, దిగులు మనసులో పుట్టి ఒంట్లోకి ఎలా దిగుతాయి, రక్తపోటును ఎలా పెంచుతాయి అన్నది నా ప్రాజెక్టు. మనుషులంటే పట్టరాని కుతూహలం నాకు. కూరగాయలామె కసురుకున్నా, చిన్నతనంలో ఈమెకు ఏం గాయమై ఉంటుందా అని ఆలోచిస్తూ నిలబడేదాన్ని. సెలవులకు మెదక్ వస్తూ బీపీ మిషన్ ఒకటి కొనుక్కొచ్చి, పక్కింటి రాజవ్వను పట్టుకున్నాను.

రాజవ్వకు డెబ్బై ఏళ్లు. కోడలు స్వప్న ఇంట్లోనే బట్టలు కుడుతుంది. అత్తాకోడళ్లు ఒకే పళ్లెంలో తినేంత కలుపుగోలు. మాట్లాడి మాట్లాడి గొంతు ఎండుతుందని స్వప్న ఆమెకు రెండు గ్లాసుల చాయ్, చెంబెడు నీళ్లు తాగించింది. నేను చేతికి పట్టీ చుట్టి, కదిలితే లెక్క తప్పుతుందని గట్టిగా చెప్పాను.

శంకరంపేటలోని పుట్టింటి గురించి అడిగితే అంకెలు చల్లగా ఉన్నాయి. పోయిన భర్త గురించి అడిగితే కాస్త పెరిగాయి. అలా ముప్పావు గంట గడిచాక కోడలి దగ్గరికి వచ్చాను. "మంచిదే బిడ్డా" అంది రాజవ్వ. మిషన్ మాత్రం నూట అరవై ఐదు చూపించింది. మళ్లీ అడిగాను, ఇంకా ఎక్కింది. ఆమె మోకాళ్లు దగ్గరికి బిగించి పెదవి కొరుక్కుంది. 'అణచుకున్న ఆవేదన' అని రాసుకుని, కింద ఎర్రగీత కూడా గీశాను.

ఏం తేలిందని స్వప్న అడిగింది. నోరు మూసుకుంటే నేను పరిశోధకురాలిని ఎందుకవుతాను?

"మీ అత్తమ్మ పైకి చెప్తలేదు గాని అక్కా, నీ పేరెత్తితే ఆమె బీపీ లేస్తుంది."

కుట్టుమిషన్ ఆగిపోయింది.

"ఏడేండ్ల సంది ఉంటున్న చెల్లె. ఒక్కనాడన్న నాతోని చెప్పలే" అని, కళ్లు తుడుచుకుంటూ పాపన్నపేటలోని అన్నకు ఫోన్ చేసింది, వచ్చి తీసుకుపొమ్మని. రాజవ్వ లేవబోతే, ఇంకొక్క రీడింగు అంటూ కూర్చోబెట్టాను. ఆమె నా చేయి విదిలించుకుని, పట్టీ వేలాడుతుండగానే పెరట్లోకి ఉరికింది. నిజం బయటపడితే మనిషి పారిపోతాడని నేను స్వప్నకు వివరించాను కూడా.

ఐదు నిమిషాలకు రాజవ్వ తేటపడిన ముఖంతో వచ్చి కూర్చుంది.

"కదలద్దన్నవ్ గదా బిడ్డా, గంట సంది ఒంటికి ఆపుకున్న. ఇప్పుడడుగు నా కోడలు ఎసొంటిదో."

అడిగాను. నూట ఇరవై ఆరు.

స్వప్న ఏడుపులోంచే నవ్వింది. అన్నను రావద్దని చెప్పడానికి ఫోన్ పట్టుకుంటే నవ్వాగక రెండుసార్లు కిందపడేసింది. మూత్రం ఆపుకున్నా బీపీ పెరుగుతుందని మా మేడమ్ తర్వాత చెప్పారు. మా పాఠ్యపుస్తకంలో ఆ పేజీ ఉంది కూడా. మనసు గురించి కాదు కదా అని నేనే దాటేశాను.

అందుకే మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి అంతరంగంలోకి తొంగి చూడాలన్నా, ముందు వాళ్లను ఒకసారి బాత్రూంకి వెళ్లి రమ్మంటాను.