బల్ల కింద బావ

మా బావ దర్జీ. అయినా ఆయన దుకాణానికి వచ్చేవాళ్లలో సగంమంది చేతిలో గుడ్డ ఉండదు, నీళ్ల కవరు ఉంటుంది. అందులో వేలెడు చేప. రాయికీ అద్దానికీ పొట్టతో అతుక్కుపోయే సక్కర్ లోచ్‌ అనే చేపల్లో అరుదైనవాటిని గుర్తుపట్టడం బావకున్న పిచ్చి. పైనుంచి చూస్తే అన్నీ మచ్చల చేపలే. బావ పైన చూడడు. "కుట్టు పనితనం తిరగేస్తేనే తెలుస్తుంది మరదలా" అంటాడు. చేప అద్దానికి అతుక్కోగానే ఇవతలి నుంచి దాని పొట్ట చూస్తాడు. కింది రెక్కలు వెనక కలిసి పళ్లెంలా ఉంటే ఒక రకం, విడిగా ఉంటే ఇంకో రకం. మా అక్క కడుపునొప్పన్నా ఇంత శ్రద్ధగా చూసిన పాపాన పోలేదు.

ఈమధ్య అక్వేరియం కొట్టాయన దగ్గర ఒక చేపను కొని, దాని పొట్ట ఒక్క క్షణం కనిపించగానే, "రెక్కలు కలిసే ఉన్నాయి, మన ఊళ్లో ఎవరూ చూడని రకం" అని చేపలు పెంచేవాళ్ల సంఘమంతా చాటేశాడు. "మామూలుదే" అని నవ్వాడు కొట్టాయన. బావకు రోషం పొడుచుకొచ్చింది.

"తప్పయితే చేపల గురించి మళ్లీ నోరు తెరవను" అనేశాడు, అందరి ముందు.

ఆదివారం అందరూ ఇంటికొచ్చి తేలుస్తామన్నారు. చేపల మాట లేకపోతే ఆయనకిక ఏం మాట మిగులుతుంది? అక్కకూ నాకూ అదే బెంగ.

ఆ చేపేమో రాయి దిగదు. బావ బతిమాలాడు, తిట్టాడు, చివరికి రాళ్లన్నీ తీసేశాడు. అది వెళ్లి తొట్టి అడుగుకు అతుక్కుంది. అప్పుడాయన కన్ను అక్క గాజు బల్ల మీద పడింది.

"నా బల్ల జోలికొస్తే ఊరుకోను" అంటూనే అక్క దానిమీది సామాన్లు తీసేసింది. తొట్టి బల్ల మీదికెక్కింది, బావ బల్ల కిందికి దూరాడు. టార్చి పట్టుకుని నేనూ దూరాను.

సంఘం వాళ్లు వచ్చేసరికి బయటికి మా కాళ్లే కనిపించాయి. కొట్టాయన కళ్లజోడు మర్చిపోయి వచ్చాడు. మూలుగుతూ బావ పక్కన పడుకుని పైకి చూశాడు.

"కలిసే ఉన్నాయయ్యా, నాదే తప్పు" అన్నాడు.

పైన ఒకటే చప్పట్లు. బావ మాత్రం అద్దానికి ఇంకా దగ్గరగా జరిగాడు. రెక్కలు కలవలేదు, నాక్కూడా కనిపిస్తోంది. ఊరుకుంటే గెలిచినట్టే.

"కలవలేదండీ" అన్నాడు బావ. "మధ్యలో సందుంది. మరదలా, ఆయనకు కనిపించేలా టార్చి పట్టు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈయనకు మరదలినైనందుకు గర్వంగా కూడా అనిపించింది.

మాటంటే మాటే. ఆ తర్వాత బావ చేపల ఊసెత్తలేదు. ఇల్లు బావురుమంది.

ఓ సాయంత్రం నీళ్ల కవరుతో కొట్టాయనే దుకాణానికి వచ్చాడు, కళ్లజోడు పెట్టుకుని.

"ఇదేమిటో నువ్వు చెబితేనే నమ్ముతాను. గెలిచే చోట కూడా నిజం చెప్పినవాడివి."

బావ పెదాలు బిగించి అక్క వైపు చూశాడు. అక్క గుండీలు కుడుతోంది.

"నోరు తెరవనన్నారు గానీ, చేతులు కట్టేసుకుంటానన్నారా?" అని సుద్దముక్క అందించింది.

బావ కవరు ఎత్తి పొట్ట చూశాడు. ఎదురుగా పరిచి ఉన్న గుడ్డ మీద గబగబా రెక్కలు గీశాడు. ఈసారి నిజంగానే కలిసి ఉన్నాయి.

అది ఎవరిదో కొత్త కోటు గుడ్డ. అంతలో ఆ పెద్దమనిషి రానే వచ్చి, "ఇదేమిటయ్యా?" అని గుడ్లురిమాడు. బావ పెదాలు ఇంకా బిగించాడు. నేనే చెప్పాల్సొచ్చింది.

"మన ఊళ్లో ఎవరూ చూడని రకమండీ."